క్లౌ దొర మూడున్నర మైళ్ళు

కొలత గొలుసు పట్టి పొలాల్లో తిరిగినవాళ్ళకు 66 అడుగులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వంద లింకుల గొలుసు అది. అలాంటివి 80 వేస్తే మైలు. గొలుసులో సగం పొడవు, సగం వెడల్పు ఉన్న చదరమే మన గుంట, 121 చదరపు గజాలు. అమెరికాలో ప్రభుత్వ భూములనూ ఈ గొలుసుతోనే కొలిచారు. మిన్నెసోటాలో అలా కొలుస్తూ తిరిగిన ఒక జట్టులో జాన్ ఎవరెట్ క్లౌ అనే కుర్రాడు ఉండేవాడు. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. సర్వే పని వంటబట్టాక, లాయరు కావాలని అయోవాలో కాలేజీలో చేరాడు. అక్కడే మారుమనస్సు పొందాడు. 1865లో మిషనరీగా నెల్లూరు వచ్చి దిగాడు, మరుసటి ఏడు ఒంగోలు చేరాడు.

మా చర్చిల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఉంది. 'నేను లోకంలో ఉన్నప్పుడు' అని ఎత్తుకుని, ప్రభువు పిలిచాక పాతవన్నీ వదిలేశానని ముగిస్తారు. ఆ పాతవాటిలో తాగుడూ పేకాటా ఉంటే సంతోషమే. చేతిలో ఉన్న పనిని కూడా వాటితో కలిపి పారేస్తారే, అది నాకు మింగుడుపడదు. ఇరిగేషన్ శాఖలో కాలువ గట్ల మీద ఉద్యోగం వెళ్ళదీసినవాణ్ణి కదా, పక్షపాతం ఉంటే ఉండనివ్వండి.

ఒంగోలులో క్లౌ అనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. మొదట్లో ఊళ్ళోని పైకులాలవాళ్ళు కుతూహలంగా వచ్చారు, పిల్లల్ని బడికి పంపారు. అలా పైనుంచి కిందికి సువార్త దిగుతుందని ఆయన ఆశ. ఈలోగా వచ్చినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ళ వ్యాపారి. అంతకుముందు యోగం నేర్పే గురువుల దగ్గర సాధన చేసినవాడు. తోళ్ళ బేరం మీద ఏలూరు దాకా తిరుగుతుండగా అక్కడి మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. అంటే ఆయన్ని పిలుపు దగ్గరికి నడిపించిందీ తోళ్ళ బేరమే. 1867 జనవరిలో తాళ్ళకొండపాడులో పేరయ్య చుట్టూ పోగైన 28 మందికి క్లౌ బాప్తిస్మం ఇచ్చాడు. మాదిగలను చేర్చుకున్నారని తెలియగానే పైకులాల పిల్లలు బడికి రావడం మానేశారు. మిషనరీకి కాళ్ళకింద నేల కదిలినట్టే అయి ఉంటుంది. వెనక్కి మాత్రం తగ్గలేదు.

తరవాత ధాత నామ సంవత్సరపు కరువు. 1876లో వానలు మొహం చాటేశాయి. రెండేళ్ళలో మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది పోయారు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు సహాయపు పనుల్లో ఎదిగిన మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, దాని మీద స్వల్పంగా డబ్బూ చాలని కూలి కోసేశాడు. ఎండలో మట్టి మోసేవాడికి పౌను గింజలు ఏ మూలకు? అప్పుడు సముద్రతీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగుతోంది. ఆ పనుల్లో మేస్త్రీల చేతిలో మాదిగలు తిట్లూ దెబ్బలూ తింటున్నారు. క్లౌ వెళ్ళి మూడున్నర మైళ్ళ కాలువను తన పేరున కాంట్రాక్టు పట్టాడు. గొలుసు లెక్కన 280.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇప్పటిదాకా నేను విన్న ప్రసంగాల్లో ఈ ఘట్టం ఒక్క వాక్యంలో దాటిపోతుంది. కాలువ కాంట్రాక్టు అంటే ఒక్క వాక్యం పని కాదు. మట్టిపనికి డబ్బు ఘనపరిమాణాన్ని బట్టి వస్తుంది. తవ్విన మట్టి ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకు ఎక్కించారు అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. మా శాఖలో లీడ్, లిఫ్ట్ అంటాం. మట్టి తవ్విన గుంటలో మధ్యమధ్య ముట్టుకోని దిమ్మెలు వదిలేయిస్తాం. పాత నేల ఎత్తు ఎంతో, ఎంత లోతు తీశారో వాటి మీదే తెలుస్తుంది. కొలతలు ఎంబుక్‌లోకి, అంటే కొలతల పుస్తకంలోకి, ఎక్కాక గానీ వాటిని కొట్టేయనివ్వం. రాత్రికి రాత్రి ఆ దిమ్మె నెత్తిన గంపెడు మట్టి పోసి లోతు పెంచి చూపే మేస్త్రీలూ ఉంటారు, దిమ్మె నెత్తి చెక్కి లోతు తగ్గించి కూలీ నోరు కొట్టేవాళ్ళూ ఉంటారు. కొలత తెలియని కాంట్రాక్టరుకు ఎంత దయ ఉన్నా శనివారం సాయంత్రం బట్వాడా దగ్గర దొరికిపోతాడు. ఆ దయ గంప మోసిన మనిషి చేతికి కూలిడబ్బుగా అందాలంటే గొలుసూ లెవెలూ తెలిసినవాడు కావాలి. క్లౌకు అవి తెలుసు.

గూడేల్లోంచి వచ్చిన తన బోధకులనే ఆయన మేస్త్రీలుగా పెట్టాడు. నా దృష్టిలో ఆయన చేసిన ప్రసంగాలన్నిటికంటే ఇది పెద్దది. తమలోంచి వచ్చినవాడు తమ పేరు పిలిచి పని చూపించడం ఆ జనానికి కొత్త. పని మధ్యలో సేద తీరేటప్పుడు ఆ మేస్త్రీలే బైబిలు చెప్పేవారు. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో బరువు మోసి అలసినవాళ్ళను రమ్మనే మాట ఉంది చూశారూ, దాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారట. గంప దించి కూర్చున్నవాడికి అది నేరుగా తగిలే మాట.

గంజి కోసం మతంలో కలిశారన్న ఎత్తిపొడుపు ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. ఆ మాట వస్తుందని క్లౌకు ముందే తెలుసు. అందుకే కరువు సాయం నడిచినంతకాలం, ఏడాది పైగా, అడిగినా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి ఇచ్చారు. ఇద్దరేసి బోధకులు నీళ్ళలో దిగి, అలిసిపోయినప్పుడు మరో ఇద్దరికి చోటిస్తూ, మధ్యాహ్నం కాసేపు ఆపి సాయంత్రం దాకా కానిచ్చారు. తొమ్మిది పది గంటలనుకుంటే నిమిషానికి నలుగురు. జాబితాలు చేతపట్టి ఒడ్డున పేర్లు పిలిచినవాళ్ళు లేకపోతే అది సాధ్యమా? మస్టర్ రోలు పిలిచి అలవాటున్న నాకు ఆ రోజున అన్నిటికన్నా అబ్బురం అదే. క్లౌ తాను నీళ్ళలో దిగలేదు. ఒడ్డున ఉండి పని నడిపించాడు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, సివిల్ డిప్లొమా చేసి సైట్లో సూపర్‌వైజరుగా ఉన్న కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళమ్మ వచ్చింది. ఉద్యోగం మానేసి సెమినరీకి పోతానంటున్నాడట.

"పిలుపు వచ్చింది అంకుల్. ఇక ఈ సిమెంటూ ఇసకా నాకొద్దు" అన్నాడు.

వెళ్ళమన్నాను. ఎంబుక్ రాయడం వచ్చా అని అడిగాను. వచ్చన్నాడు. లెవెల్ పెట్టడం? అదీ వచ్చన్నాడు. "అయితే అవి మర్చిపోకు నాయనా. రేపు నిన్ను ఏ ఊరికి పాస్టరుగా వేస్తారో, అక్కడి పేటకు మంచినీళ్ళ పైపు వేయించాల్సి వస్తే ఎస్టిమేటు చదివేవాడు ఒకడుండాలి" అన్నాను.

వాళ్ళమ్మ నావైపు గుర్రుగా చూసింది. "మీరు వద్దని చెబుతారని తీసుకొచ్చానండీ!"