రాయి బయటికొచ్చే తోవ

నల్లగొండ, పాలమూరు వైపు కిడ్నీలో రాయి తీయించుకొచ్చినవాళ్లను కదిలిస్తే ‘లేజర్‌తోని తీసిన్రు’ అంటారు. పేరంతా లేజర్‌కే పోయింది. అది రాయిని పగలగొడుతుంది, అంతవరకే. లేజర్ లోపలికి పోవాలన్నా, పగిలిన ముక్కలు బయటికి రావాలన్నా ముందు తోవ కావాలి. ఆ తోవ చేసే గొట్టాల పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

ఎండాకాలమంతా చెమటోడ్చి, తాగవలసినన్ని నీళ్లు తాగక, మూత్రం చిక్కబడి రాళ్లు కట్టే నేల ఇది. రాయి రెండు సెంటీమీటర్లు దాటిందంటే డాక్టర్లు సాధారణంగా వీపు వైపునుంచే పోతారు. ఆ పద్ధతిని 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రమ్, యోహాన్సన్ లోకానికి చూపించారు. చదవడానికి సులువే. కానీ గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. అలాంటి అవయవంలో వేలు పట్టేంత రంధ్రం చేసి, రక్తం వరదలా పారకుండా చూడాలి. ముందు సూది, సూదిలోంచి గైడ్ వైర్, ఆ వైరు మీదుగా తోవను వెడల్పు చేసే డైలేటర్లు, చివరికి షీత్ అనే గొట్టం. వరుస ఇది.

కొలతలు ‘ఫ్రెంచ్’లో చెబుతారు. పారిస్‌లో వైద్య పనిముట్లు చేసిన షారియే పెట్టిన లెక్క అది. మూడు ఫ్రెంచ్‌లైతే ఒక మిల్లీమీటరు, అంటే 30 ఫ్రెంచ్ గొట్టంలో పది మిల్లీమీటర్ల తోవ.

డైలేటర్లలో నాకు ముచ్చటైనది జర్మనీకి చెందిన పీటర్ ఆల్కెన్ పేరున్న స్టీలు సెట్టు. మధ్యలో బోలుగా ఉండే సన్నని కడ్డీ, దాని కొసన చిన్న గుండు. ఆ కడ్డీ మీదికి 9 ఫ్రెంచ్ గొట్టం, దాని మీదికి 12, ఆపైన 15, ఇలా మూడేసి ఫ్రెంచ్‌లు పెరుగుతూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. పాత ట్రాన్సిస్టర్ ఏరియల్ గుర్తున్నవాళ్లకు బొమ్మ గీయక్కర్లేదు. తెలివంతా కొసనున్న ఆ గుండులోనే ఉంది. పైనెక్కే గొట్టాలు దాన్ని దాటి పోలేవు, కనక చెయ్యి జోరు చేసినా గొట్టం కడ్డీని మించి కిడ్నీ అవతలి గోడకు తగలదు. కడ్డీనే ముందుకు తోస్తే మాత్రం ఏ గుండూ ఆపదు, అది పట్టుకున్న చేతి బాధ్యత. ఇంకో సుగుణం: ఎక్కిన గొట్టం ఎక్కినచోటే ఉంటుంది, మధ్యలో బయటికి రాదు. తోవ గోడల మీద అదుము వదలదు, రక్తం కారే సందు దొరకదు.

మిన్నెసోటాలో పనిచేసిన కుర్ట్ ఆంప్లాట్జ్ పేరిట వచ్చిన ప్లాస్టిక్ డైలేటర్ల తీరు వేరు. కొస పొడుగ్గా, మొలకలా సన్నగా ఉంటుంది. ఒంట్లోకి మెత్తగానే దిగుతుంది. కానీ ఒకటి తీశాకే ఇంకొకటి దించాలి. తీసిన ప్రతిసారీ ఆ కాసేపు రక్తం కారుతుంది. ఆయన పేరు నిలిచింది మాత్రం షీత్‌తో. డైలేషన్ ఏ పద్ధతిలో చేసినా చివర సాధారణంగా దించేది ‘ఆంప్లాట్జ్ షీత్’ అనే నున్నటి గొట్టమే. గుండెలో రంధ్రాలు మూసే పరికరాల మీదా ఈయన పేరే ఉంది. ఒంట్లో తోవలు తెరవడం, మూయడం రెండూ తెలిసిన మనిషి!

మూడోది బెలూన్. గైడ్ వైరు మీద ముడుచుకుని లోపలికి పోయి, ఎక్స్‌రేలో కనిపించే మందు నింపుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. కండరం మీది గట్టి పొర దగ్గర నడుము బిగించినట్టు నొక్కుకుపోయి, ఒత్తిడి పెంచగానే ఆ నొక్కు విడిపోవడం తెర మీద కనబడుతుంది. కోసుకుంటూ కాక పక్కలకు నెట్టుకుంటూ తోవ చేస్తుంది, అది మెచ్చదగ్గదే. కానీ పాత ఆపరేషన్ మచ్చ గట్టిగా ఉంటే మొరాయిస్తుంది. ధర ఎక్కువ. పేదల వైద్యం ఖర్చు సర్కారు భరించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు, ఒకటి. అలా ఆ పథకం ఇచ్చే ప్యాకేజీ సొమ్ములోనే అంతా సర్దాల్సిన చోట, శుభ్రం చేసి మళ్లీ మళ్లీ వాడుకునే స్టీలు సెట్టు ముందు బెలూన్ నిలవడం కష్టం.

తర్వాత పోటీ సన్నదనం మీదికి మళ్లింది. 30 ఫ్రెంచ్‌ను 15కు దించితే వ్యాసం సగమవుతుంది, రంధ్రం వైశాల్యం నాలుగో వంతే. గాయం చిన్నదే, కానీ రాయినీ అంత చిన్నగా పగలగొట్టాలి. గుజరాత్‌లోని నడియాద్‌లో మహేశ్ దేశాయ్ బృందం 2011లో ఈ పోటీని కొసకు తీసుకెళ్లింది: 4.85 ఫ్రెంచ్ సూదిలోనే కెమెరా, లేజర్. డైలేషన్ అక్కర్లేదు. లోపలికి పోవడంలో ఇంతకన్నా సొగసు నేనెరగను. కానీ బయటికి తోవ లేదు, పొడి మూత్రంతోనే పోవాలి. పెద్ద రాయికి అది కుదరదు.

వీపు ముట్టకుండా మూత్రమార్గంలోంచి పోయే గొట్టం ఇంకా నాజూకు. దాని కొలత 12/14 అని రాస్తే, లోపల 12, బయట 14 ఫ్రెంచ్‌లని అర్థం. లెక్కేస్తే గోడ మందం మిల్లీమీటరులో మూడో వంతు. నలగకుండా ఆ గోడలో సన్నని తీగ చుట్ట, పైన తడి తగిలితే జారే పూత. ఇంత చేసినా 2013లో ట్రాక్సర్, థామస్ 359 మందిని పరిశీలిస్తే దాదాపు సగం మందికి మూత్రనాళం గోడ ఎంతో కొంత గీసుకుపోయింది, 13 శాతం మందిలో గాయం కండరం దాకా పోయింది. నాళం ఒప్పుకోకపోతే స్టెంట్ అనే సన్న గొట్టం లోపల వేసి, కొన్నాళ్లాగి మళ్లీ రమ్మనడం అందుకే. రెండోసారి రమ్మన్న డాక్టరు మీద విసుక్కోనక్కర్లేదు.

మరి ఆ గొట్టమెందుకంటే, లోపల పోసే నీళ్లు తిరిగి రావాలి. కిడ్నీలో ఒత్తిడి సుమారు 30 మిల్లీమీటర్ల పాదరసం దాటితే నీళ్లు, వాటితోపాటు సూక్ష్మజీవులు రక్తంలోకి ఎగబాకుతాయి, ఆపరేషన్ తర్వాత చలిజ్వరం పట్టుకుంటుంది. కొత్త గొట్టాలకు పక్కన పీల్చే మార్గం పెట్టారు. వాటి కొస లోపలికి పోయే కెమెరా గొట్టం (స్కోపు)తోపాటు వంగి రాయి ఉన్న గది దాకా పోతుంది, పొడిని నీళ్లతో కలిపి లాగేస్తుంది. ఈ ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పుల్లో నేను దీనికే పెద్దపీట వేస్తాను. ఒకసారి వాడి పారేసేది కనక బిల్లు బరువే. జిల్లా ఆసుపత్రికి ఒక్క సెట్టే కొనమంటే మాత్రం నా ఓటు ఇప్పటికీ గుండు కొస స్టీలు కడ్డీకే.