అనువాద పరిశోధన: లాభనష్టాల పట్టిక

అనువాదాలపై తెలుగులో వచ్చే సిద్ధాంత వ్యాసాలకు ఒక మూస ఏర్పడింది. మొదటి అధ్యాయంలో అనువాద నిర్వచనాలు, రెండవదానిలో మూలరచయిత జీవితం, మూడవదానిలో అనువాదకుని జీవితం. ఆపైన జాతీయాలు, సామెతలు, బంధువాచకాలు అన్న శీర్షికల కింద మూలంలో ఉండి అనువాదంలో పోయినవాటి పట్టిక. చివర అనువాదకుడు చాలావరకు కృతకృత్యుడయ్యాడన్న తీర్పు. ఇందులో శ్రమ లేదని మేము అనము. లేనిది ప్రశ్న. పరిశోధన పద్ధతుల పత్రం ఉల్లేఖనాలు చూపడం, గ్రంథసూచి కూర్చడం నేర్పి ఊరుకుంటే, పరిశోధకుడికి ప్రశ్న వేసుకోవడం ఎవరు నేర్పుతారు?

1972లో కోపెన్‌హాగెన్‌లో చదివిన పత్రంలో జేమ్స్ హోమ్స్ ఈ శాస్త్రానికి ఒక పటం గీశాడు. ఉన్న అనువాదాలను వర్ణించడం ఒక శాఖ. అనువాద విమర్శ, అనువాదకుల శిక్షణ అనువర్తిత శాఖలోనివి. వర్ణన పక్షాన్ని గిడియన్ టూరీ 1995 నాటి గ్రంథంలో విస్తరించాడు. అనువాదం ఎలా ఉండాలన్నది ఒక ప్రశ్న, ఉన్న అనువాదం ఎందుకు అలా ఉన్నదన్నది మరొకటి. మన వ్యాసాలు ఈ పేర్లను మొదటి అధ్యాయంలో స్మరించి, నాలుగవ అధ్యాయానికి మరచిపోతున్నాయి.

పట్టికకు ముందు తేలవలసింది మూలమేది అన్న సంగతి. పదకొండవ శతాబ్దిలో నన్నయ భారతాన్ని తెనిగించాడు. పుణెలోని భాండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ ఆదిపర్వం సంశోధిత ప్రతిని 1933లో, మిగిలిన పర్వాలన్నిటినీ 1966 నాటికి ప్రకటించింది. ఆ ప్రతిని ముందు పెట్టుకొని నన్నయ 'చేర్చిన' వాటిని లెక్కపెట్టడం సులువే. కాని అది అనేక ప్రాంతాల వ్రాతప్రతులను పోల్చి, ప్రక్షిప్తాలనుకున్నవాటిని అధోజ్ఞాపికల్లోకి, అనుబంధాల్లోకి తప్పించి కూర్చిన పాఠం. నన్నయ ఎదుట ఉన్న గ్రంథం అది కాదు. దాక్షిణాత్య ప్రతుల్లో ఉన్న ఘట్టం తెలుగులో కనబడితే దాన్ని కవి కల్పన అనగలమా? పైగా ఆ సంశోధకులే నన్నయ భారతాన్ని పాఠనిర్ణయంలో ఒక సాక్ష్యంగా పరిశీలించారు. అనువాదమే మూలానికి సాక్షి అయిన చోట లాభనష్టాల లెక్క ఎలా కుదురుతుంది?

ఆధునిక రచనల్లోనూ ఇదే చిక్కు. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవల 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో'ను పి.వి. నరసింహారావు 'అబల జీవితం'గా తెలుగు చేశారు. మరాఠీ పేరుకు 'కాని, పట్టించుకునేదెవరు?' అని అర్థం. యమున తన కథ తానే చెప్పుకునే నవల అది. పేరులోని ప్రశ్న పాఠకుణ్ణి నిలదీస్తుంది. తెలుగు పేరులో ఆ నిలదీత లేదు. పట్టిక రాసేవారు దీన్ని నష్టాల కింద వేసి ముందుకు సాగుతారు. పరిశోధకుడు ఇక్కడ ఆగాలి. ఈ మెత్తదనం పేరుతో ఆగిందా, లోపల యమున మాటల్లోనూ ఉందా? ఆనాటి తెలుగు నవలలకు ఎలాంటి పేర్లు పెట్టేవారు? పేరు మార్పు అనువాదకునిదా, ప్రచురణ సంస్థదా? వీటికి జవాబు వెదకాలంటే రెండు పుస్తకాలనూ వాక్యం వాక్యం చదవాలి, ఆనాటి ప్రచురణల జాబితాలు తిరగెయ్యాలి. పద్ధతి అంటే మేము అనుకొనేది ఇదే.

ఐతే తప్పును తప్పనకూడదా అని అడగవచ్చు. తప్పక అనాలి. వాక్యం అపార్థమైతే అపార్థమే. 'ఆనాటి సంప్రదాయం' అన్న పేరుతో దాన్ని కప్పిపుచ్చడమూ పరిశోధన కాదు. తప్పును చూపడంతో పని మొదలవుతుంది, ముగియదు.

ఈ మాట ఆంధ్రేతర ప్రాంతాల తెలుగు విద్యార్థులకు మరీ వర్తిస్తుంది. షోలాపురంలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ నేర్చిన విద్యార్థి ఆప్టేను ఇంగ్లీషు అండ లేకుండా చదవగలడు. హోసూరు, బళ్ళారి, బరంపురం విద్యార్థులకూ తమిళ, కన్నడ, ఒడియా రచనల విషయంలో ఆ అవకాశమే ఉంది. అటువంటివారి చేత ఇంగ్లీషు అనువాదాల మీద మరొక పట్టిక రాయించడం చేతిలోని పనిముట్టును పారవేయించడమే. మార్గదర్శకులు అంశాన్ని ఆమోదించే ముందు రెండు విషయాలు అడిగితే చాలు: విద్యార్థి ఏ ప్రతిని మూలంగా తీసుకొన్నాడు? అతనికి ఇంకా జవాబు తెలియని ప్రశ్న ఏది?