జాకబ్ లారెన్స్: వలసబాట నుంచి ఆసుపత్రి వార్డుకు

అంతరంగ చిత్రణ అంటే సమాజం నుంచి పారిపోవడమేనన్న అభిప్రాయం మన విమర్శలో బలంగానే వుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నల్లజాతి అమెరికన్ చిత్రకారుడు జాకబ్ లారెన్స్ (1917–2000) చిత్రాలను వరసగా చూశాక ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వచ్చింది.

లారెన్స్ యౌవనం హార్లెంలో గడిచింది. దక్షిణాది నుంచి ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు తరలిపోయిన నల్లవారి వలసను 1940–41లో 60 చిన్న చిత్రాల్లో చెప్పాడు. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క సాదా వ్యాఖ్య. పలకలన్నీ ముందు పరచుకొని, ఒక రంగును అన్నిటిలోనూ వేశాకే మరో రంగు అందుకున్నాడు. వస్తువులోని సమష్టితత్వం ఆ విధంగా రూపంలోకీ దిగింది.

వీటిలో 15వ చిత్రం మూక హత్యల గురించి. కొమ్మకు ఖాళీ ఉరితాడు. కింద ముడుచుకు కూర్చున్న ఒక మనిషి. శవం లేదు, చంపిన మూకా లేదు. చరిత్ర ఒక మనిషి వంగిన వీపులో కనిపిస్తుంది. అంటే అంతరంగం అప్పటికే ఆయన చిత్రాల్లో వుంది.

1949లో లారెన్స్ మానసికంగా కుంగిపోయి, తనంతట తానే న్యూయార్కులోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో చేరాడు. అక్కడి జీవితాన్ని 1950లో చిత్రించాడు. ‘కుంగుబాటు’ అనదగిన పేరున్న చిత్రంలో రోగులు తలలు వాల్చి నడుస్తుంటారు. మరొక దానిలో మత్తుమాత్రల చుట్టూ చేరి నిలబడతారు. ఇంకొక దానిలో తోటపని చేస్తుంటారు.

ఈ చిత్రాల్లో జాతి సమస్య సూటిగా లేదు గనుక ఇవి వెనకడుగని అనవచ్చునా? అనలేమని నా ఉద్దేశం. నల్ల చిత్రకారుడు తన జాతి పోరాటాన్ని తప్ప తన మనసును గీయకూడదనడం మరో రకం సంకెల. పైగా లారెన్స్ తన ఒక్కడి ముఖాన్ని గీసుకోలేదు, వార్డునంతటినీ గీశాడు. వలసబాటలో గుంపును చూసిన కన్నే ఆసుపత్రిలోనూ పనిచేసింది. రోగం ఒంటరిని చేస్తే, చిత్రం తిరిగి పదిమందిలో నిలబెట్టింది.

కుంచె ఆయన జబ్బు నయం చేసిందని నేననను. వైద్యం వైద్యమే. కాని బాధను దాచకుండా, దానికి లొంగకుండా, ఎదుట పెట్టుకొని పరిశీలించడం కోలుకోవడంలో ఒక భాగం. పీడన మనిషి లోపల చేసే గాయాన్ని చూడ నిరాకరించే విమర్శ, పీడనను సగమే చూసినట్టు.