భూమి చెప్పిన కొలతలు

ఏ పాత కట్టడాన్ని చూసినా, దీన్ని కట్టినవాళ్లు దేనికి భయపడ్డారో వెతకడం నాకు అలవాటు. ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి వాయవ్య భాగంలో ఉన్న పవాయ్ చర్చిలో ఆ జవాబు గోడల మీదే కనబడుతుంది.

స్పానిష్ పాలనలో అగస్టీనియన్ సన్యాసులు 1694లో మొదలుపెట్టిన ఈ చర్చి 1710లో పూర్తయింది. యూరప్‌లో ఎన్నో చర్చిలు ఎత్తుకు పోటీపడితే, ఇది నేలను పట్టుకుని కూర్చుంది. పక్కలా వెనకా 24 భారీ ఆసరా దిమ్మెలు, ఒక్కోటి సుమారు 1.67 మీటర్ల మందం. రాయీ ఇటుకా చాలా బరువు మోస్తాయి కానీ, పక్కకు ఊపితే తాళలేవు. భూమి కంపిస్తే పొడవాటి గోడ బయటికి ఒరుగుతుంది. ఆ ఒరుగుడును ఆపడానికే ఈ దిమ్మెలు. కొన్నిటికి మెట్లు కూడా పెట్టారు, కప్పు మీదికి ఎక్కేందుకు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది గంట గోపురం. అది చర్చికి అతికి ఉండదు, కొంత దూరంలో విడిగా నిలబడుతుంది. ఎత్తయిన గోపురం ఊగే తీరు వేరు, పొట్టి మందిరం ఊగే తీరు వేరు. కలిపి కడితే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. విడిగా ఉంటే, గోపురం కూలినా లోపల ప్రార్థనలో ఉన్నవాళ్ల మీద పడదు.

ఈ తెలివి ఊరికే రాలేదు. మనీలాను 1645లో భూకంపం నేలమట్టం చేసింది. పవాయ్ చర్చి కట్టాక కూడా ముప్పు పోలేదు: 1863లో మరో భూకంపానికి మనీలా కేథడ్రల్ కూలింది. మనీలాలోనే 1607లో పూర్తయిన శాన్ అగస్టీన్ చర్చి ఆ రెండిటినీ తట్టుకుంది కానీ, 1880 భూకంపానికి దాని గోపురం ఒకటి బీటలువారింది. తర్వాత దాన్ని తీసేశారు.

పవాయ్ సున్నంలో చెరకు రసం కలిపారని అక్కడివాళ్లు చెబుతారు. డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన మన తాపీ మేస్త్రీలకు ఆ మాట కొత్త కాదు. అయితే ఈ చర్చిల చరిత్రలో సన్యాసుల పేర్లే ఉన్నాయి. పోలో అనే పద్ధతి కింద ఏడాదికి 40 రోజులు వెట్టి చేసిన స్థానికుల పేర్లు లేవు. ఈ గోడల గౌరవం వాళ్లకూ దక్కాలి.

వాళ్ల జాగ్రత్త మనం మర్చిపోయాం. పార్కింగ్ కోసం కింద ఖాళీ వదిలి, స్తంభాల మీద అంతస్తులు లేపడం మన నగరాల్లో మామూలైపోయింది. 2001 గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్‌లో అలాంటి అపార్ట్‌మెంట్లు ఎన్నో కూలాయి. ఇల్లు కొనేటప్పుడు టైల్స్ గురించి అడిగే ముందు ఇంజనీరును ఇది అడగండి: భూమి ఊగితే ఇందులో ముందు పడేది ఏది, పడితే ఎవరి మీద?