ఎదుటి మనిషికి పూసే గంధం

పాలమూరు పెళ్లిలో మగపెళ్లివారు విడిదింట్లో దిగగానే మొదటి మర్యాద పన్నీరుతోనే. ఉన్నవాళ్లది వెండి పన్నీరుబుడ్డి, లేనివాళ్లది కిరాయికి తెచ్చిన స్టీలు బుడ్డి. చల్లే తీరు మాత్రం ఒక్కటే. ఆ వెనకే ఒకరు గంధం గిన్నె పట్టుకొని వస్తారు. ఆడవాళ్లకు మెడకు, మగవాళ్లకు చేతికి రాస్తారు. ఎవరూ గిన్నెలో వేలు పెట్టి తమకు తాము పూసుకోరు. పూయకపోతే మాత్రం ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటారు. "మా మేనత్తకు గంధం పుయ్యలే" అన్న మాట మీద చుట్టరికాలు చెడిన ఊళ్లున్నాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో పరిమళానికి ఉన్న ఆదరణకు మూలం ఈ మర్యాదలోనే ఉందని నా నమ్మకం. ఇక్కడ వాసన ఒకరు ఇంకొకరికి ఇచ్చేది. సెంటు సీసా వచ్చాకే అది ఎవరికి వారు కొట్టుకునేదైంది.

అలంపురంలో జోగులాంబ, నవబ్రహ్మల గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఏ దర్గా ఉర్సుకైనా ప్రాణం గంధమే. చందనం తీసి, పన్నీరు కలిపి, గిన్నెలో పెట్టి, పూల చాదర్లతో, మేళతాళాలతో ఊరేగిస్తారు. సమాధికి పూశాక మిగిలింది జనానికి పంచుతారు. అందుకోసం చాచే చేతుల్లో కులమతాల తేడా కనపడదు. పీర్ల పండుగా అంతే. చావిడి ముందు నిప్పుల మీద గుప్పెడు ఊదు పడగానే లేచే తెల్లటి పొగను జనం రెండు చేతులతో మొహానికి అద్దుకుంటారు. ఆ ఊదు చాలావరకు సాంబ్రాణే. ధూపానికి పనికొచ్చే బంక కోసం దూర దేశాలకే పోనక్కర్లేదు, అది కార్చే అందుగు చెట్టు మన నల్లమలలోనూ ఉంది.

ఇదంతా ముస్లిం పాలనతో వచ్చిందనుకునేవాళ్లున్నారు, అది సగం నిజమే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పరిమళాల కూర్పుకు ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1,820 కలయికలు వస్తాయని లెక్క కట్టాడు. వాటి పాళ్లు మారుస్తూ పోయి 1,74,720 పరిమళాల దాకా తేల్చాడు. గణిత చరిత్రకారులకు ఇష్టమైన ఈ లెక్క పుట్టింది అత్తరు కొట్టులాంటి చోటనే. మనకు మరీ దగ్గరివాడు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు. ఆ వంశం శాసనాలు అలంపురంలో ఉన్నాయి. ఆయన 1129 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో రాజభోగాల జాబితా ఉంది. స్నానం, తాంబూలం, ఒంటికి పూతలు, పూలమాలలు, ధూపం అందులో ఒక్కోటీ ఒక్కో భోగం. తర్వాత నడిగడ్డకు, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం సీమకు, పడమరనున్న బీజాపూర్‌లో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా (పాలన 1580-1627) కోసం పరిమళాల మీద 'ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ' అనే ఫారసీ గ్రంథం పుట్టింది. సంస్కృతంలో ఉన్న ఇష్టానికి ఫారసీలో కొత్త పేర్లు వచ్చాయి, కొత్త పాత్రలు తోడయ్యాయి. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు నిజాం కింద ఉన్నవే. హైదరాబాద్ పత్తర్‌గట్టీ, లాడ్‌బజార్ల అత్తరు ఇటువైపు రావడానికి వేరే దారి వెతకనక్కర్లేదు.

అసలు అత్తరు ఎలా దిగుతుంది? సారా బట్టీ చూసినవాళ్లకు చప్పున అర్థమవుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతి. డేగ్ అనే పెద్ద రాగి బానలో పూలు, నీళ్లు పోసి, మూతచుట్టూ మట్టి, దూది కలిపి మెత్తి మూస్తారు. కింద కట్టెల మంట. ఆవిరి వెదురు గొట్టంలోంచి భప్కా అనే పొడుగు మెడ పాత్రలోకి పోతుంది. ఆ పాత్ర నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది, దాని అడుగున ముందే చందన తైలం పోసి ఉంచుతారు. చల్లబడిన ఆవిరిలోని పూల వాసనను ఆ తైలం పట్టుకుంటుంది. నీటిని వేరుచేసి మళ్లీ బానలో పోసి, కొత్త పూలు వేసి, వాసన చాలేదాకా రోజుల తరబడి ఇదే తంతు. థర్మామీటరుండదు. భప్కాను చేత్తో తడిమి వేడి చెప్పే పనివాడే కొలమానం. మంట హెచ్చితే పువ్వు మాడిన కంపు వస్తుంది, ఆ విడత మొత్తం పోయినట్టే.

మల్లెజాతి పూలు ఈ వేడికి అంత బాగా ఆగవు. వాటికి పాత ఉపాయం నువ్వులు. నువ్వులు ఒక పొర, పూలు ఒక పొర పరుస్తారు, వాడిన పూలు తీసి తాజావి వేస్తారు. వాసన పట్టాక ఆ నువ్వుల్ని గానుగాడిస్తారు. మొగలి అత్తరుది మరో ఊరు. ఒడిశాలోని గంజాం జిల్లాలో, తెలుగువాళ్లు బాగా ఉన్న బరంపురం చుట్టుపక్కల ఆ పూలు దొరుకుతాయి. అన్నిటికన్నా చిత్రమైంది మట్టి అత్తరు. కాల్చిన మట్టి పెంకులను డేగ్‌లో వేసి తొలకరి వాసన దించుతారు. 1964లో బేర్, థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆ వాసనకు ఇంగ్లీషు పేరు పెట్టినప్పుడు ఈ అత్తరునూ ప్రస్తావించారు. వానకు మొహం వాచిన పాలమూరులో ఇది ఎందుకు అమ్ముడుపోతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అత్తరు సాయబు చిన్న పెట్టె తెరిస్తే ఎండాకాలమైతే వట్టివేరు, గులాబీ ముందు వరసలో ఉంటాయి. చలికాలమైతే హినా, షమామా. పుల్లకు చుట్టిన దూదిని సీసాలో ముంచి ముంజేతికి రాస్తాడు, కొన్నవాడి చెవి మడతలో దూది పింజ పెడతాడు. స్పిరిటు లేదు కాబట్టి గుప్పుమనదు, దగ్గరికొచ్చిన వాడికే తెలుస్తుంది. నమాజుకు పోయేవాళ్లు దీన్నే ఇష్టపడటానికి కారణమూ ఆ స్పిరిటు లేకపోవడమే. 1709లో జర్మనీ కొలోన్ నగరంలో ఫరీనా మొదలుపెట్టిన నీళ్ల సెంటు స్పిరిటుతో తయారైంది. నేటి స్ప్రేలు చాలావరకు ఆ కోవవే. గదంతా నిమిషంలో నింపుతాయి, పొద్దెక్కేలోపు ఎగిరిపోతాయి.

పాత పద్ధతికి పెద్ద దెబ్బ చందనం ధర కొట్టింది. నేడు చాలా అత్తర్లకు ఆధారం చందన తైలం కాదు, లిక్విడ్ పారాఫిన్ లాంటి వాసన లేని నూనెలు. అందులో పూలకు బదులు రసాయనాలు. ఒక కిలో గులాబీ నూనెకు మూడు, నాలుగు టన్నుల పూలు కావాలి. యాభై రూపాయల సీసాలో ఎన్ని పూలుంటాయో లెక్క మీరే వేసుకోండి. శ్రీగంధం వేసే రైతులు మన దగ్గర ఇప్పుడున్నారు గానీ, అది తొందరపెడితే వచ్చే పంట కాదు. పక్క మొక్క వేళ్ల నుంచి ఆహారం లాక్కొని బతికే చెట్టది, కంది దానికి చిన్ననాటి తోడు. వాసన ఉండేది చేవలోనే. చేవ పట్టడానికి పదిహేనేళ్లు ఓపిక పట్టాలి.

ఉర్సులో అత్తరు కొనేటప్పుడు అంగట్లోనే తేల్చుకోకండి. రాయించుకొని, జాతరంతా తిరిగి, అరగంట తర్వాత ముంజేయి వాసన చూడండి, అప్పటికీ నిలిస్తే కొనండి. పెళ్లికి మాత్రం ప్యాకెట్ పొడి వద్దు. గంధపు చెక్క, సాన తెచ్చి ఇంటి పెద్దావిడ చేత తీయించండి. గేటు దగ్గర సెంటు చిమ్మే ఫ్యాను పెట్టించే డబ్బు మిగుల్చుకొని, అక్కడ ఇద్దరు పిల్లలకు గంధం గిన్నె, పన్నీరుబుడ్డి ఇచ్చి నిలబెట్టండి.