ప్రియదర్శిని వారసులు

'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? తెరిచిన వాళ్లకు తమకు ప్రియమైనదేదో అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడు తొంగిచూస్తే పాచికలతో శకుని! ఒక్క వింత వస్తువు చాలు, మనిషి మనసులో దాచుకున్నదంతా బయటపడిపోతుంది. సైన్స్ ఫిక్షన్ అన్న మాట మన ప్రేక్షకుల నోట నానకముందే, 1957లోనే, కె.వి. రెడ్డి గారు ఆ కళలోని అసలు కిటుకు చూపించేశారు.

ఆయన దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో 'ఆదిత్య 369' తీశారు. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ నవల ప్రేరణ అంటారు, సరే. కానీ కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువులో దిగడం తెలుగువాడికే తట్టాలి! ఈ కాలపు కుర్రాడూ బాలకృష్ణే, రాయలవారూ ఆయనే. ఆ వైభవం, ఆ పాట, ఆ తెనాలి రామకృష్ణుడి చమత్కారం కళ్లలో ఉండగానే యంత్రం 2504కు పోతుంది. అక్కడ యుద్ధం మిగిల్చిన రేడియేషన్‌కు భయపడి జనం నేల కింద బతుకుతుంటారు. ముందు మనం పోగొట్టుకున్నది చూపించి, వెంటనే పోగొట్టుకోబోయేది చూపించడం! ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. ఆ వరస పేర్చడంలోనే ఉంది సింగీతం గారి ప్రతిభంతా.

రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ 1972లో తీసిన 'సోలారిస్'దీ ప్రియదర్శిని పెట్టె దారే. ఒక గ్రహం మీది సముద్రం మనిషి మనసు చదివి, చనిపోయిన భార్యను అతని ముందు నిలబెడుతుంది. తుపాకీ మోతలు లేవు, తప్పించుకునే దారీ లేదు.

2022లో శ్రీ కార్తీక్ 'ఒకే ఒక జీవితం' తీసినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. కాలయంత్రం ఆర్భాటం కాసేపే. ఆ తర్వాతంతా, పెద్దవాడైన కొడుకు చిన్నప్పుడు పోగొట్టుకున్న తల్లి ఎదుట పరాయివాడిలా నిలబడటమే. ఆమెకు అతనెవరో తెలియదు. అమ్మా అని పిలవడానికి అతనికి నోరు రాదు. అమల, శర్వానంద్ ఆ కాస్త దూరాన్ని ఎంత పదిలంగా నటించారో!

మరి 'కల్కి 2898 ఏ.డి.'? నీళ్లూ పచ్చదనమూ పైకి లాగేసుకున్న కాంప్లెక్స్ అనే నగరం, కింద ఎండిపోయిన కాశీ. అబ్బ, ఎంత ఊహ! నాగ్ అశ్విన్ మీద నాకు గౌరవమే. అందుకే కడుపుమంట. ఆ కాశీలో ఒక తల్లి గుక్కెడు నీళ్లు ఎవరికి ముందు పోస్తుందో నిదానంగా చూపించాల్సిన చోట బుజ్జి అనే కారు దూసుకుపోతుంది, ఫైటు మొదలవుతుంది. వందల కోట్లు గ్రాఫిక్సుకి పోస్తారే, కథ రాసేవాడికి ఇంకో ఏడాది గడువు ఇవ్వలేరా? ఇక హాలీవుడ్ అంతరిక్ష యుద్ధాలకు నకళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడ సూరత్‌లోని కోసాడ్‌లో మన పిల్లలకు సైన్స్ ఫిక్షన్ అంటే మెరిసే కత్తులు, పేలే ఓడలు. వాళ్ల తప్పేముంది, మనం చూపించిందే అది.

'ఆదిత్య 369' 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రింటుతో మళ్లీ విడుదలైంది. సూరత్‌లోని మన తెలుగు పెద్దలకు నాదొక్కటే మనవి. ఉగాదికి డాన్సులూ పాటల పోటీలూ ఎలాగూ పెడతాం, ఒక సాయంత్రం తెర కట్టి ఈ సినిమా వేద్దాం. మరుసటి ఆదివారం 'ఒకే ఒక జీవితం'. తర్వాత పిల్లల్ని తొందరగా ఇళ్లకు తరమకండి, కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి.