‘అ’ అంటే ‘లేదు’ అనేనా?

పోయిన వేసవి సెలవుల్లో కర్నూలు నుండి మా మామ హోసూరుకు వచ్చినాడు. బస్టాండు దగ్గర ఒక హోటలు బోర్డు చూపించి, తమిళంలో ఏం రాసి ఉందో చదవమన్నాడు. ‘సైవం, అసైవం’ అని చదివినాను. మామ కాసేపు ఆలోచించి, “శివభక్తులకు వేరే, కానివాళ్ళకు వేరే వడ్డిస్తారేమిరా ఈ ఊళ్ళో?” అని అడిగినాడు. నాకు నవ్వు ఆగలేదు. శైవాచారంలో మాంసం తినకపోవడం నియమం కాబట్టి తమిళంలో సైవం అంటే శాకాహారం, అసైవం అంటే మాంసాహారం అయిందని చెప్పినాను. తెలుగులో అశైవుడు అంటే శివభక్తుడు కానివాడనే అర్థం. ముందున్న ‘అ’ రెండు భాషల్లోనూ ఒకటే. మాట మాత్రం ఒక చోట గుడికీ ఇంకో చోట వంటింటికీ పోయింది.

ఇంటికి వచ్చినాక మా వ్యాకరణం గైడు తీసి ‘వ్యతిరేక పదాలు’ పాఠం మళ్ళీ చదివినాను. మా తరగతిలో చాలామంది పరీక్షకు ముందు ఈ గైడే చదువుతారు. దాని ప్రకారం, మాటకు ముందు ‘అ’ అనే ఉపసర్గ చేరితే వ్యతిరేకార్థం వస్తుంది. కింద రెండు వరుసల్లో పదాలు ఉన్నాయి: న్యాయం – అన్యాయం, ధర్మం – అధర్మం, ఉచితం – అనుచితం, మూల్యం – అమూల్యం. ఈ పట్టిక వల్ల నాకూ మార్కులు వచ్చినాయి, ఆ మేలు మరిచిపోను. అయినా ఈ పాఠంలో కొన్ని పొరపాట్లు ఉన్నాయి. వాటి గురించే ఈ వ్యాసం.

మొదటిది, ‘అ’ ఉపసర్గ కాదు. సంస్కృతంలో ప్ర, పరా, అప, సం, అను మొదలుకొని ఉపసర్గలు 22 అని లెక్క. అందులో దీర్ఘమున్న ‘ఆ’ ఉంది గానీ హ్రస్వమైన ‘అ’ లేదు. దీన్ని ‘నఞ్’ అంటారు. ఇదే గైడులో సమాసాల పాఠానికి పోతే ‘నఞ్ తత్పురుష సమాసం’ అని సరిగ్గానే ఉంది. ఒక పాఠం రాసినవాళ్ళు ఇంకో పాఠం చూసుకోలేదేమో!

రెండోది, ఈ ‘అ’ ఎప్పుడు ‘అన్’ అవుతుందో గైడు చెప్పలేదు. హల్లు ముందు అ, అచ్చు ముందు అన్. అ + న్యాయం అన్యాయం, అన్ + అంతం అనంతం. ఇది తెలియక నేను ఒక పరీక్షలో అనుచితాన్ని ‘అను + చితం’ అని విడగొట్టి మార్కు పోగొట్టుకున్నాను. అది అన్ + ఉచితం. అనుభవం, అనుకూలం, అనుమానం మాటల్లో ఉన్నది నిజంగా ‘అను’ అనే ఉపసర్గే, వాటిలో లేదు, కాదు అనే అర్థమే లేదు. ఇంకో చిక్కు ఏమంటే, ఇప్పుడు మనం ఉచితం అంటే డబ్బు కట్టనక్కరలేనిది అనుకుంటాము. దాని పాత అర్థం తగినది అని. ఉచిత బస్సుకు వ్యతిరేకం అనుచిత బస్సు కాదు కదా!

మూడోది అన్నింటికంటే పెద్దది. ‘అ’కు వ్యతిరేకం ఒక్కటే అర్థం కాదు. పాత వ్యాకరణ పండితులు నఞ్‌కు ఆరు అర్థాలు చెప్పినారు: పోలిక, లేకపోవడం, వేరు కావడం, కొంచెం కావడం, మంచిది కాకపోవడం, విరోధం. అధర్మం అంటే ధర్మానికి విరోధం. అనశ్వం అంటే గుర్రం కాని వేరే జంతువు. ‘అనుదర’ అని ఒక అమ్మాయిని వర్ణిస్తే ఆమెకు పొట్టే లేదని కాదు, సన్నని నడుము అని. అకాల వర్షం అంటే కాలం లేని వర్షం కాదు, రాకూడని కాలంలో వచ్చిన వర్షం. రైతు ఇళ్ళల్లో పెరిగిన మాకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక అమూల్యం అంటే వెల లేనిది కాబట్టి పనికిరానిది అందామా? వెల కట్టలేనంత గొప్పది అని కదా అర్థం! అపారం, అద్వితీయం కూడా ఇట్లాంటివే. పైకి లేదు అంటూనే ఎక్కువ అని చెప్పే మాటలు ఇవి. వీటిని న్యాయం – అన్యాయం పక్కన పెడితే పిల్లలు తప్పు నేర్చుకుంటారు.

ఈ ‘అ’ మన దేశంలోనే పుట్టి ఇక్కడే ఆగిపోలేదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు ఒకే పాత భాష నుండి చీలిన అక్కచెల్లెళ్ళు. సంస్కృతంలో అజ్ఞాత, గ్రీకులో అగ్నోస్తోస్, లాటిన్‌లో ఇగ్నోతుస్, ఇంగ్లీషులో అన్‌నోన్. నాలుగింటికీ అర్థం తెలియనిది అనే. ముందున్న అ, ఇ, అన్ అన్నీ ఒకే తల్లి బిడ్డలు. అచ్చు ముందు ‘అన్’ కావడం గ్రీకులోనూ ఉంది. అనార్కీ అంటే అన్ + పాలకుడు, మన అరాచకం అంటే అ + రాజు. రెండు దేశాలవాళ్ళూ ఏలేవాడు లేకపోతే వచ్చే గందరగోళానికి ఒకే తీరులో పేరు పెట్టినారు. సైన్సు పుస్తకంలోని అటామ్ కూడా గ్రీకు మాటే, కోయలేనిది అని అర్థం. దాన్ని కోయవచ్చని తర్వాత తెలిసింది, పేరు మాత్రం అట్లే ఉండిపోయింది. ఎనీమియా అంటే అక్షరాలా రక్తం లేకపోవడం. నిజానికి రక్తం తగ్గడం. అనుదరలో ఉన్న ‘కొంచెం’ అనే అర్థమే ఇక్కడా ఉంది.

ఒకేలా కనిపించేవాటితో మోసపోవడం మనకే కాదు, ఇంగ్లీషువాళ్ళకూ ఉంది. బెంగళూరు రోడ్డు మీద పోయే పెట్రోలు ట్యాంకర్ల వెనక ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. ఇన్‌విజిబుల్ అంటే కనిపించనిది కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అనుకుంటే ప్రాణానికే ప్రమాదం. ఆ ‘ఇన్’ కాదు అని చెప్పేది కాదు, లోపల అని చెప్పే ఇంకో ఇన్. ఈ భయంతోనే కొన్ని దేశాల్లో ముందు ముక్క తీసేసి ‘ఫ్లేమబుల్’ అని రాయడం మొదలుపెట్టినారు. ముందు చేరే చిన్న ముక్కను తప్పుగా చదివితే పోయేది ఒక మార్కే కాదని అప్పుడు అర్థమైంది.

మరి అచ్చ తెలుగు సంగతి? గైడు దీన్ని తలవనే లేదు. తెలుగు, తమిళం, కన్నడం సాధారణంగా ‘కాదు’ను మాట చివరన చెబుతాయి. చేయని, చూడని, తీరని. తమిళంలో సెయ్యాద, కన్నడంలో మాడద. ‘చెప్పను’ అనే మాటలో కాదు అనే ముక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి, చూద్దాం! ‘మంచి’కి ముందు ‘అ’ పెట్టి అమంచి అనలేము, మంచిది కాదు అనాల్సిందే. ‘అ’ వచ్చి చేరేది ఎక్కువగా సంస్కృతం నుండి వచ్చిన మాటలకే. ఉర్దూ దారిలో వచ్చినవి గైర్హాజరు, నాలాయకు, బేఖాతరు. తమిళ పీరియడులో నాకు ఒక ముచ్చట దొరికింది. మనుషులు కానివాటిని తమిళ వ్యాకరణం ‘అఃఱిణై’ అంటుంది. అది అల్ + తిణై. అంటే తమిళం తన సొంత ‘కాదు’నే ముందు పెట్టుకుంది. మన వ్యాకరణంలో చెట్టుకూ రాయికీ చెప్పే పేరు ‘అమహత్తు’. ఇక్కడ సంస్కృతపు ‘అ’ను తెచ్చుకున్నాము. బాలవ్యాకరణం రాసిన పరవస్తు చిన్నయసూరి పుట్టింది పెరంబుదూరులో, పాఠాలు చెప్పింది మద్రాసులో. రెండు భాషల మధ్య పెరిగే మాలాంటివాళ్ళకు ఇట్లాంటి పోలికలు గైడులో ఉంటే ఎంత బాగుండేది!

చివరిగా, గైడు చూపించే దారిలో పోతే లేని మాటలు కూడా పుడతాయి. ‘సురులు కానివాళ్ళు అసురులు’ అని మనం చదువుతాము. కానీ అసుర అనేదే పాత మాట. ఋగ్వేదంలో వరుణుడిలాంటి దేవతలను కూడా అసుర అని గౌరవంగా పిలిచినారు. పారసీకుల దేవుడి పేరు అహుర మజ్దాలోని అహుర కూడా ఇదే. తర్వాతి కాలంలో ముందున్న ‘అ’ను కాదు అని చదివి, దాన్ని తీసేసి, ‘సుర’ అనే కొత్త మాట చేసుకున్నారు. ఒక అక్షరాన్ని తప్పుగా చదివినందుకు ఒక జాతి అంతా ‘కానివాళ్ళు’ అయిపోయినారు.

గైడులో అదే పేజీ కింద ‘వి’ చేరిన మాటలూ ఉన్నాయి. ఒక సాయంత్రం నేను గట్టిగా బట్టీ పడుతున్నాను: “సధవ, విధవ. వి అంటే లేని, ధవ అంటే భర్త. భర్త లేనిది.” మా అవ్వ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తా ఉంది. తల ఎత్తకుండానే, “లేనిదాన్ని బట్టేనా నాయనా పేరు పెట్టేది? ఉన్నవి ఏమీ కనపడలేదా మీ పుస్తకానికి?” అనింది. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత బట్టీ పట్టలేకపోయినాను.

మా తెలుగు సారును అడిగితే, ఇదీ అసురలాంటిదే అని చెప్పినారు. లాటిన్‌లో విదువా, ఇంగ్లీషులో విడో, మన విధవ ఒకే పాత మాట. వేరైపోయినది అనే అర్థం ఉన్న మూలం నుండి వచ్చింది. ‘వి’ని లేని అని చదివినాకే ధవ అనే మాటకు భర్త అనే అర్థం పుట్టింది. వేరుపడటం కూడా సంతోషం మాట కాదు. అయినా అది ఒక మనిషికి జరిగిన సంగతి చెబుతుంది, ఆ మనిషిలోనే ఏదో లోటు ఉందని చెప్పదు. ఇంకొకటి, మనం ఆటల్లో ‘వెధవా’ అని తిట్టుకునేది ఈ మాటనే. ఆ సంగతి తెలిసినాక నేను ఆ తిట్టు మానేసినాను.

గైడు రాసేవాళ్ళకు నా మనవి ఇది. ఈ పాఠాన్ని మూడు వరుసలుగా రాయండి. నిజంగా వ్యతిరేకమైనవి ఒకటి, అమూల్యం లాంటివి ఒకటి, అనుభవం లాగా చూపుకు మాత్రమే అట్లా కనిపించేవి ఒకటి. విధవను మాత్రం ఏ వరుసలోనూ పెట్టకండి. ఇంట్లో పిల్లలు చదివేటప్పుడు అవ్వలు కూడా వింటారు.